మూడు రోజుల సముద్రం

సంచి తిరిగొచ్చింది.

ఉదయగిరి నుంచి వచ్చిన బస్సు కండక్టరు దాన్ని తెచ్చి అరుగు మీద పెట్టాడు. "మస్తానయ్య ఇచ్చి పంపించినాడమ్మా. వాళ్ళ ఆడమనిషి యాడికీ రాదంట, చెప్పమన్నాడు," అన్నాడు. ఇంకేమన్నా అడుగుతారేమోనని గబగబా బస్టాండు వైపు నడిచిపోయాడు.

ప్రమీలారాణి కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. సగం కుట్టిన జాకెట్టు చెయ్యి సూది కిందే ఉంది. ఆ సంచిని పోయిన ఆదివారం ఆత్మకూరు బజారులో ఆమే కొన్నది. రెండు నూలు చీరలు, ఒక మెత్తటి తువ్వాలు, కొత్త చెప్పులు పెట్టి మస్తానయ్య పెండ్లాం, తన ఆడబిడ్డ నాగులమ్మకు పంపింది. ఎల్లుండి తెల్లవారగానే అందరూ కలిసి సముద్రానికి ప్రయాణం. మూడు రోజులు.

"విప్పి చూడమ్మా, ఏదన్నా చీటీ పెట్టినారేమో," అంది కూతురు అశ్విత.

"మీ మామకి చదువొస్తే కదా చీటీ రాసేది."

విప్పింది. చీరల మడత చెదరలేదు. తువ్వాలు అట్లాగే ఉంది. చెప్పుల అడుగున మాత్రం ఎర్రమట్టి అంటుకొని ఉంది. వదిన వాటిని తొడుక్కొని నాలుగడుగులు వేసి చూసుకుంది. ఆ తర్వాతే ఎవరో తీసి సంచిలో పడేశారు.

ప్రమీల ఆ మట్టిని తుడవబోయి ఆగింది.

"మామకి ఏమొచ్చిందంట?" అశ్విత గొంతు లేచింది. "గదులకి చెప్పేసినాను. శుక్రవారం మైపాడు, శనివారం రామాయపట్నం మీదుగా ఓడరేవు, ఆదివారం సూర్యలంక చూసుకొని ఇంటికి. జెండా పండగ, కృష్ణాష్టమి, ఆదివారం వరసగా మూడు సెలవులు మళ్ళీ ఎప్పుడు కలిసొస్తాయి? మా ల్యాబులో ఇంక సెలవిచ్చేదే లేదు."

లోపలి గదిలోంచి ప్రమీల మొగుడు తిరుపాలు మాట వినిపించింది. "ఆపెయ్యండి. అష్టమి నాడు ఇంట్లో దీపం పెట్టకుండా ఊళ్ళు తిరగడమేంది?"

"కృష్ణుడు కూడా పశువులు కాసినోడే కదా నాయనా. ఆయనేం అనుకోడు."

"నోరు ముయ్."

అశ్విత మూతి ముడిచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ప్రమీల లేచి గది గుమ్మంలో నిలబడింది. తిరుపాలు మంచం మీద గోడకి ఆనుకొని ఉన్నాడు. ముఖానికి మాస్కు. పోయిన ఏడాది ఇదే నెలలో ఆయన ఒంట్లో అక్క కిడ్నీ పెట్టారు. అంతకు ముందు మూడేళ్ళు వారానికి మూడుసార్లు నెల్లూరు పోయి డయాలసిస్ చేయించుకొని, ఎముకల గూడై తిరిగొచ్చేవాడు. ఇప్పుడు బుగ్గలు నిండాయి. పోయిన నెల డాక్టరు పరీక్షలన్నీ చూసి, "గొర్రెల దొడ్లోకి మాత్రం పోవద్దు. తక్కినదంతా నీ ఇష్టం," అన్నాడు.

ఆ రోజే ప్రమీల వదినను అడిగింది, నీకేం కావాలో చెప్పు అని. నాగులమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఒక్కసారి సముద్రం చూపిస్తారా?" అంది. యాభై ఆరేళ్ళ మనిషి. పుట్టింది మెట్టింది ఉదయగిరి దుర్గం కిందే.

"మీ అక్క నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే," అంది ప్రమీల. "నువ్వు పోయి మీ బావతో మాట్లాడు."

తిరుపాలు దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు.

"ఫోనన్నా చెయ్."

"నేను చెయ్యలేను."

"ఎందుకు?"

"ఆయన మొహం నేను చూడలేను ప్రమీలా. ఆపరేషను అయినకాడ్నించి చూడలే. నా గొర్రెలు కూడా ఆయనే కాస్తుండాడు. రెండు మందలు కలిపి నూట నలభై. ఏం మొహం పెట్టుకొని ఇంకా అడిగేది?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మౌనం ఎంత గట్టిదో ప్రమీలకి ఇరవై ఐదేళ్ళుగా తెలుసు. దానికేసి తల బాదుకున్నా లాభం లేదు.

సాయంత్రం జోసెఫ్ వచ్చాడు. ఆ మూడేళ్ళూ తిరుపాలును నెల్లూరు తీసుకుపోయిన కారు అతనిదే. "కారు కడిగి పెట్టినానక్కా," అన్నాడు నవ్వుతూ. "ఆ రోడ్డు మీద ఒక్కసారన్నా ఆసుపత్రి కాడ ఆగకుండా ముందుకు పోవాలని నాకెంత కోరికో." అతని ముఖంలో సంతోషం చూసి, ప్రయాణం ఆగిపోయిందని చెప్పడానికి ప్రమీలకి నోరు రాలేదు.

"రేపు మాపిటికి చెప్తాను జోసెఫూ," అంది.

గురువారం పొద్దున్నే సంచి భుజాన వేసుకొని ఉదయగిరి బస్సెక్కింది.

*

నాగులమ్మ వాకిట్లో కూర్చొని గొర్రెపిల్లలకు ఆకు తుంచి వేస్తోంది. మందతో పోలేని పసి గొర్రెపిల్లలు ఐదారు ఆమె ఒడిలోకి ఎగబడుతున్నాయి. ప్రమీలను, భుజాన ఉన్న సంచిని చూసింది. ఏమీ ఎరగనట్టు, "కాళ్ళు కడుక్కో. సంగటుండాది, తిందువు," అంది.

"తినడానికి రాలే వదినా."

"తినకుండా పోయేదానివైతే రావద్దు."

ప్రమీల కాళ్ళు కడుక్కుంది. వదిన పక్కనే కూలబడి తనూ ఆకు తుంచసాగింది. ఆపరేషను తర్వాత మూడు నెలలు బరువులెత్తొద్దని చెబితే, నాలుగో నెల మొదటి రోజునే నీళ్ళ బిందె ఎత్తిన మనిషి ఈమె. ఎవరన్నా "నీ తమ్ముడికి ప్రాణం పోసినావు" అంటే, "నా కాడ రెండుండాయి, ఒకటి ఇచ్చినాను" అని గొర్రెను ఇచ్చినంత తేలిగ్గా చెప్పేది.

"అన్నకి ఎందుకు కోపం?"

"తెలీదు."

"నీ మీదనా, మా మీదనా?"

"తెలీదంటే వినవే! ఏడాదిగా ఇంతే. కూడు తింటుంటే సగంలో లేస్తాడు. పడుకున్నప్పుడు నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తాడు. నిద్రపోయినట్టు నటిస్తాను నేను." నాగులమ్మ ఒక పిల్లను పక్కకు నెట్టి, బలహీనంగా ఉన్న ఇంకోదాని నోటికి ఆకు అందించింది. "మొన్న నేను చెప్పులేసుకొని వాకిట్లో నడిచి చూసుకుంటుంటే మందతో వచ్చినాడు. చూసినాడు. చెప్పులు విప్పమని చెయ్యి చాపినాడు. విప్పినాను."

"విప్పనని అనొచ్చు కదా?"

"బువ్వ అడిగే బిడ్డ మాదిరి నిలబడినాడు. ఏమని అనేది?"

ప్రమీల ఇంకో కొమ్మ అందుకుంది.

"అసలు నీకు సముద్రం మీద ఎందుకు మనసు పడింది వదినా?"

నాగులమ్మ సిగ్గుపడినట్టు నవ్వింది. "మా నాయన ప్రతి ఎండాకాలం మందను తూర్పుకి తోలకపోయేవాడు. కోతలైన వరికయ్యల్లో ఎరువుకని మంద కట్టేవాళ్ళు. తిరిగొచ్చి సముద్రం ముచ్చట్లు చెప్పేవాడు. మళ్ళీ ఏడు తీసకపోతాననేవాడు. మళ్ళీ ఏటికి నాకు పెళ్ళయిపోయింది. ఇంక మీ అన్న. ఆయనా అంతే, ప్రతి ఏడూ పోతాడు, ప్రతి ఏడూ వచ్చి చెప్తాడు. నేను సంగటి కలుపుతా వింటాను. నలభై ఏళ్ళుగా వింటానే ఉండాను. ఎట్టుంటాదో చూడాలనిపించింది, అంతే. చూడకపోతే మాత్రం ఏం పోయింది? ఆయనతో పోట్లాడొద్దు ప్రమీలా. నా మీదొట్టు."

ప్రమీల సంగటి తిన్నది. చెయ్యి కడుక్కొని, "అన్న యాడుండాడు?" అని అడిగింది.

"దుర్గం కింద, తుమ్మచెట్ల కాడ. పోట్లాడొద్దన్నానా?"

"పోట్లాడను. అడిగొస్తాను."

*

మస్తానయ్య తుమ్మచెట్టు నీడలో కర్రకి గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. మంద గుట్ట వాలు మీద పరచుకొని మేస్తోంది. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలున్న జుడిపి గొర్రెలు. వాటిల్లో సగం తమవే. ఏవి తమవో ప్రమీలకి ఇప్పుడు గుర్తుపట్టడం కష్టంగా ఉంది.

"సంచి అందిందా?" అన్నాడు ఆయన, తిరిగి చూడకుండానే.

"అందిందన్నా."

"మంచిది."

"తిట్టాలంటే నన్ను ఎదురుగా నిలబెట్టి తిట్టు. కండక్టరు చేత చెప్పించొద్దు. చెప్పన్నా, మేం ఏం తప్పు చేసినాం?"

ఒక గొర్రె పొలం గట్టు వైపు పోతుంటే మస్తానయ్య చిన్న రాయి విసిరి దాన్ని మళ్ళించాడు. ఎండ ముదురుతోంది. ప్రమీల కొంగు తల మీద వేసుకొని ఆయన ఎదురుగా రాతి మీద కూర్చుంది. ఆయన మాట్లాడేదాకా లేవనని అనలేదు కానీ, అట్లాగే కూర్చుంది.

చివరికి ఆయనే అన్నాడు. "ఆ ఆసుపత్రిలో రెండు తలుపులుండాయి. గుర్తుండాదా?"

"ఏ తలుపులన్నా?"

"ఆపరేషను గదులవి. ఒకదాంట్లో నీ మొగుడు. ఒకదాంట్లో నా పెండ్లాం. మీరంతా ఆ తలుపు కాడ ఉండారు. నువ్వు, నీ బిడ్డ, మీ అన్నదమ్ములు, ఊరోళ్ళు. ఈ తలుపు కాడ నేనొక్కడినే. ఈ తలుపేనో కాదో కూడా తెలీదు నాకు. ఇద్దరు నర్సమ్మల్ని అడిగి నిలబడినాను."

ప్రమీల తల మీది కొంగు జారింది, సర్దుకోలేదు.

"డాక్టరు బయటికొచ్చినాడు. తిరుపాలు ఎట్టుండాడు సార్, అని అందరూ చుట్టుకున్నారు. బాగుండాడన్నాడు. మీరంతా ఏడ్చినారు. దండాలు పెట్టినారు. డాక్టరు పోయినాడు." ఆయన కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఆమె ఎట్టుండాదని ఎవురూ అడగలే చెల్లమ్మా. నేను అడగబోయినాను. నోరు తెరిస్తే మాట రాలే. అప్పటికే ఆయన పోయినాడు. పొద్దుగూకేదాకా నాకు తెలీదు, ఆ మనిషి ఉండాదో పోయిందో."



ప్రమీలకి ఆ రోజంతా కళ్ళ ముందు కదిలింది. అవును. తను డాక్టరు కాళ్ళ మీద పడబోయింది. లేచి చూస్తే గోడవారగా మస్తానయ్య గొంతుక్కూర్చొని మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని ఉన్నాడు. పాపం, అలిసిపోయి కునుకు తీస్తున్నాడు అనుకుంది. లేపొద్దులే అనుకుంది కూడా. అదే తను ఆయనకు చేసిన మంచి అనుకుంది.

"తప్పు చేసినానన్నా," అంది. ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిన్ను ఏడిపించాలని చెప్పలే."

"నన్ను చెప్పనీ. వదిన ఇచ్చిందని ఊరూవాడా చెప్పుకున్నాను. దేవుళ్ళందరికీ ఆమె పేరే చెప్పి మొక్కినాను. నువ్వు ఇచ్చినావని ఒక్కరికీ చెప్పలే."

"నేనేం ఇచ్చినాను? కాగితం మీద వేలిముద్ర వేసినాను."

"ఆ ముద్ర వేసేటప్పుడు నీకేం అనిపించిందో నేను అడగలే. అడగాలని కూడా తోచలే. అంతకంటే ఏం ఇస్తారన్నా ఎవరన్నా? నువ్వు వద్దంటే ఈ రోజు నా నుదుటి మీద ఇది ఉండేదా?"

మస్తానయ్య కళ్ళు పైకెత్తి ఆమె బొట్టు వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"అదొక్కటే కాదులే," అన్నాడు మెల్లగా. "ముప్పై ఏళ్ళకు పైగా తూర్పుకి మందను తోలకపోయినాను. ఆ ఒడ్డున కూర్చొని సద్ది తిన్నాను. ప్రతి ఏడూ వచ్చి ఆమెకి చెప్పేవాణ్ణి. నన్ను తీసకపో అని ఒక్కసారి కూడా అనలే. నీతో అనింది. నాతో అనలే."

ఇదీ అసలు ముల్లు, అనుకుంది ప్రమీల.

"నీతో అంటే, గొర్రెల్ని ఎవరికి అప్పజెప్పాలా అని నువ్వు నలిగిపోతావని తెలుసు ఆమెకి. అందుకే అనలేదేమో. నాతో అనడం సులువన్నా. నాకు మంద లేదు కదా."

కర్ర పట్టిన ఆయన వేళ్ళు కొంచెం వదులయ్యాయి.

"అయితే నువ్వే చూపించు. కారులో నువ్వూ ఎక్కు."

"మంద?"

"నేనుండా."

మస్తానయ్యకి నవ్వొచ్చింది. ఏడాదిలో ఆయన నవ్వడం ప్రమీల చూసింది అదే మొదలు. "మిషను తొక్కే దానివి, నూట నలభై జీవాల్ని మూడు రోజులు కాస్తావా?"

"మిషను ఈ నాలుగేళ్ళ నుంచే కదా. ఆయనకి జబ్బు చేసి ఆత్మకూరు పోయినాక. అంతకు ముందు నేనేం చేసినాను? మా నాయన చూపు మందగిస్తే, వింజమూరు పొలాల్లో పదహారేళ్ళకే మందను ఒంటిగా తిప్పినాను."

"ఎచ్చులు పోవద్దు. ఆ గుంపులో కుంటేది ఏదో చెప్పు చూద్దాం."

ప్రమీల లేచి నిలబడింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకొని మందంతా కలియజూసింది. ఒక్క క్షణం భయపడింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తర్వాత నెమ్మదిగా కళ్ళు తేరుకున్నాయి. పాత పని గుర్తొచ్చినట్టు కాళ్ళు వాటంతట అవే వాలు మీదికి నడిచాయి. మందను బెదరగొట్టకుండా పక్కగా పోయి, ఒక గొర్రెను వెనక కాలు పట్టి ఆపింది. మోకాలి కింద అదిమి, ముందు ఎడమ కాలు గిట్ట విడదీసి, లోపల దిగిన తుమ్మముల్లును గోళ్ళతో లాగేసింది. గొర్రె విదిలించుకొని లేచి, రెండడుగులు అనుమానంగా వేసి, మూడో అడుగు బాగానే వేసింది.

ప్రమీల చేతులు చీరకి తుడుచుకుంటూ తిరిగొచ్చింది. ఆయాసపడుతోంది. మస్తానయ్య ఆమెను చూడలేదు. మంద వైపే చూస్తున్నాడు.

"తెల్లారి ఏడింటికి దొడ్డి తీయాల," అన్నాడు. "దానికి ముందు తీస్తే తడి గడ్డి తిని కడుపులు పాడు చేసుకుంటాయి."

అదే ఆయన ఒప్పుకోవడం.

*

"నువ్వు రాకుండా నేనెట్టా పోతాను?" అన్నాడు తిరుపాలు ఆ సాయంత్రం ఫోనులో.

"నువ్వు పోవాల. ఆయన మొహం చూడాల. మూడు రోజులు ఒక కారులో కూర్చుంటే చూడకుండా ఎట్టుంటావో చూస్తాను." తర్వాత మస్తానయ్య చెప్పినదంతా చెప్పింది, ఆ రెండు తలుపుల సంగతి. అవతల ఆయన లేచి కూర్చున్నట్టు మంచం కిర్రుమంది.

"పొద్దున్నే వస్తాం," అన్నాడు తిరుపాలు.

శుక్రవారం ఆరింటికి జోసెఫ్ కారు ఊళ్ళోకి వచ్చింది. తిరుపాలు డాక్టరు మాట ప్రకారం దొడ్డి కంచెకు దూరంగా, రోడ్డు మీదే దిగి నిలబడ్డాడు. మస్తానయ్య తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకొని, తువ్వాలు భుజాన వేసుకొని బయటికి వచ్చాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడని అశ్విత నవ్వింది.

తిరుపాలు ఎదురు వెళ్ళాడు. ఏదో చెప్పాలని మాస్కు కిందికి లాగాడు. "బావా," అన్నాడు. అంతే. ఆయన రెండు చేతులూ పట్టుకొని కళ్ళకి అద్దుకున్నాడు. ఏడాదిపాటు దాచుకున్నదంతా ఆ చేతుల మీద కారింది.

మస్తానయ్య కాసేపు అట్లాగే ఉండనిచ్చాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "మాస్కు పెట్టుకోరా. లోపలుండేది మా ఆడదాని కిడ్నీ. నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యడానికి లేదు."

జోసెఫ్ పకపకా నవ్వాడు. తిరుపాలు ఏడుస్తూనే నవ్వాడు.

గొడవంతా నాగులమ్మ దగ్గరే వచ్చింది. ప్రమీల రావడం లేదని ఆమెకి అప్పుడే తెలిసింది.

"అదేంది? అందరూ ఎక్కి, ఇది ఎక్కకపోతే ఎట్టా?"

"మందకి ఒకరుండాల కదా వదినా."

"అయితే నేనుంటాను. నాకు అలవాటే."

"నీకోసమే కదా ఈ ప్రయాణం!"

"నాకోసమైతే నా మాట వినాల కదా!"

ప్రమీల ఆమె భుజాలు పట్టుకొని కారు దగ్గరికి నడిపించింది. కొత్త చెప్పులు కాళ్ళకి తొడిగింది. తలుపు తీసి మస్తానయ్య పక్కన కూర్చోబెట్టింది. నాగులమ్మ మరదలి చెయ్యి గట్టిగా ఒకసారి నొక్కి వదిలేసింది. కారు కదిలి మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి ఇటే చూస్తూ కూర్చుంది.

ఏడింటికి ప్రమీల దొడ్డి తీసింది.

మంద గుట్ట వైపు సాగింది. మొదట్లో భయం వేసింది కానీ, గంట గడిచేసరికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. చిన్నప్పటి అదిలింపులు ఒక్కొక్కటే నోటికొస్తున్నాయి. మందలో తమ గొర్రెలు కొన్ని గుర్తుకొచ్చాయి. చెవి చినిగినది, తోక నల్లది. బాగా మేసి బలిసి ఉన్నాయి. తన ఇంటి జీవాల్ని ఏడాదిగా ఇంత శ్రద్ధగా చూసిన మనిషి, ఇప్పుడు కారులో పెండ్లాం పక్కన కూర్చొని పోతున్నాడు. తన మొగుడు మందులు వేసుకొని, బతికి, ముందు సీట్లో కూర్చొని పోతున్నాడు. దుర్గం మీది గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఇంకేమీ కోరుకోవాలనిపించలేదు.

పదకొండు కావొస్తుండగా ఫోను మోగింది. అశ్విత.

"చేరినారా?"

"చేరినాం అమ్మా. మైపాడులోనే ఉండాం. కానీ..." మాట వెనక పెద్ద హోరు. "అత్త కారు దిగనంటుండాది."

"అయ్యో, ఒళ్ళు బాగలేదా? కళ్ళు తిరుగుతుండాయా?"

"అదేం లేదు. కొంగు మొహం మీదికి లాక్కొని కూర్చోనుండాది. కారు ఎదురుగ్గానే సముద్రం. తీస్తే కనపడిపోతాదని తీయలేదు. నాయన చెప్పినాడు, మామ చెప్పినాడు. వినదే!"

"ఫోను ఆమెకియ్యి."

గలగలమని చప్పుడైంది. తర్వాత నాగులమ్మ గొంతు, కొంగు కిందనుంచి. "ఏమే."

"ఏం వదినా ఇది? నలభై ఏళ్ళు విన్నావు కదా. కళ్ళ ముందుండాది. చూడు."

"ఉండాదిలే, చప్పుడు ఇనపడతుండాది. నువ్వొచ్చేదాకా తీయను."

"పిచ్చా నీకు?"

"పిచ్చే అనుకో." కాసేపు ఆగింది. "నీకేం కావాల అని పుట్టినకాడ్నించి నన్ను అడిగింది నువ్వొక్కదానివేనే ప్రమీలా. మా నాయన అడగలే. మీ అన్న అడగలే. నేను కూడా నన్ను అడుక్కోలే. నువ్వు అడిగినాకనే నాకూ ఏదో కావాలని తెలిసింది. నిన్ను గొర్రెల కాడ నిలబెట్టి నేనెట్టా చూస్తాను దాన్ని?"

ప్రమీల అక్కడే ఎండలో, రాళ్ళ మధ్య కూర్చుండిపోయింది.

ఫోను చేతులు మారింది. ఈసారి మస్తానయ్య. "చెల్లమ్మా, నేను వెనక్కొస్తా. వీళ్ళని గదిలో దించేసి జోసెఫ్ కారు తిప్పుతానన్నాడు. పొద్దుగూకేలోపల మంద కాడుంటాను. నువ్వు అదే కారులో రా. నేను ముప్పై సార్లు చూసిందే కదా."

"అట్టా కాదన్నా. ఆమెకి నువ్వే కదా చూపించాల..."

"చూపించాలనే ఉండాది. కొంగు తీయదే! ఏం చేసేది? నువ్వు ఊ అంటే బయల్దేరతాను."

తను రాననంటే వదిన ఆ కొంగు తీయదు. వస్తానంటే, ఇన్నేళ్ళకు పెండ్లాం పక్కన ఆ ఒడ్డున నిలబడిన మనిషి మళ్ళీ ఒంటరిగా మంద దగ్గరికి తిరిగొస్తాడు. ప్రమీల మంద వైపు చూసింది. నూట నలభై తలలు వంచి నిశ్చింతగా మేస్తున్నాయి. చుట్టూ కనుచూపు మేరలో ఇంకో మనిషి లేడు.

ఫోనులో అల ఒకటి విరిగి పడింది.

"చెల్లమ్మా," అన్నాడు మస్తానయ్య. "ఉండావా?"